తెల్లనివన్నియు పాలు కావు

కృష్ణా డెల్టాలో గోంగూర వండని ఇల్లుండదు. పెరటిలోను, పొలము గట్టుమీదను, కాలువ ప్రక్కను గోగు మొక్కలు పెరుగుచుండును. కొన్ని రకములందు దాని ఆకులు చేతివ్రేళ్లవలె పొడవుగా చీలియుండును. అంచులు రంపపు పండ్లవలె ఉండును. గంజాయి ఆకును ఇంచుమించు అట్లే కనబడును. ఈ పోలికను గమనించియే వృక్షశాస్త్రజ్ఞులు గోగులో ఒక జాతికి 'హైబిస్కస్ కన్నాబినస్' అని పేరిడిరి. కన్నాబినస్ అనగా గంజాయిని బోలినది అని అర్థము. ఒకటి విస్తరిలో వడ్డించుకొను కూర. వేరొకటి మనుష్యుని కారాగారమునకు పంపగల మాదకద్రవ్యము. దారిన పోవువాడు దూరమునుండి చూచి దీనిని దానినిగా భ్రమించుట వింత కాదు.

దగ్గరకు పోయి పరిశీలించినచో భేదము తెలియును. గోగు ఆకు ఒక్కటే ఆకు; అది లోతుగా చీలినది మాత్రమే. గంజాయికి అట్లు కాదు. దాని కాడ చివర పెక్కు చిన్న ఆకులు విడివిడిగా పుట్టి ఒక్కచోట కూడియుండును. సూక్ష్మదర్శినితో చూచినచో ఆ ఆకుపై, మొదట సున్నపు కణములు పొదిగిన పొట్టి నూగు కనబడును. "తెల్లనివన్నియు పాలు కావు, నల్లనివన్నియు నీళ్లు కావు" అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. కంటికి తోచిన పోలికను నమ్మక, వస్తువు యొక్క నిజస్వరూపమును నిర్ణయించి న్యాయస్థానమునకు తెలియజేయు విద్యయే నేరపరిశోధక విజ్ఞానము. దీనినే ఫోరెన్సిక్ శాస్త్రమందురు.

ఈ శాస్త్రము వెలువరించు ఒక్కమాటపై మనుష్యుల జీవితములు ఆధారపడియుండును. మన దేశమున మాదకద్రవ్యములను గూర్చిన చట్టము 1985లో చేయబడినది. దాని ప్రకారము హెరాయిను 250 గ్రాములు గాని, గంజాయి 20 కిలోలు గాని దాటిన యెడల అది వ్యాపార పరిమాణముగా నెంచబడును. అట్టి నేరము రుజువైనవానికి 10 సంవత్సరములకు తక్కువ కాకుండ, 20 సంవత్సరముల వరకు కఠిన కారాగారశిక్షయు, లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానాయు విధింపబడును. విచారణ జరుగుచుండగా జామీను దొరకుటయు మిక్కిలి కష్టము. కావున పట్టుబడిన పొడి మాదకద్రవ్యమా, పిండియా అను ప్రశ్న చిన్నది కాదు. దానికి తప్పు సమాధానము చెప్పిన యెడల నిరపరాధి చెరసాల పాలగును. లేదా ఎందరినో మత్తునకు బానిసలను జేయు నేరస్థుడు తప్పించుకొనిపోవును. రెండును సమాజమునకు హానికరములే.

పూర్వకాలమున ఈ చిక్కు విషముల విషయమున గలిగెను. పాషాణమునకు రుచి లేదు, వాసన లేదు. అన్నపానములలో కలిపి ప్రాణము తీసినను కనుగొనుట దుర్ఘటముగా నుండెను. 1833లో ఇంగ్లండులో ఒక వృద్ధుడు విషముచే మరణించగా, జేమ్సు మార్ష్ అను రసాయనశాస్త్రజ్ఞుని పరీక్షకు నియమించిరి. ఆయన ఆనాటి పద్ధతిలో పాషాణమును పసుపుపచ్చని పదార్థముగా వేరుచేసి చూపెను. కాని న్యాయనిర్ణేతల ముందునకు వచ్చునప్పటికి ఆ పదార్థము చెడిపోయెను. ముద్దాయి విడుదలయ్యెను. మార్ష్ దీనికి మిక్కిలి చింతించి, చెడిపోని సాక్ష్యము నిచ్చు పద్ధతికై పాటుపడెను. 1836లో ఆయన ప్రకటించిన పరీక్ష ఆయన పేరనే ప్రసిద్ధి కెక్కినది. అందు యశదము, ఆమ్లము చేర్చి అనుమానింపబడిన పదార్థమునుండి వాయువును పుట్టించి, దానిని గాజుగొట్టములో వేడిచేయుదురు. పాషాణమున్నచో గొట్టము లోపల అద్దమువలె మెరయు నల్లని పూత ఏర్పడును.

అయితే ఈ గొప్ప పరీక్షలోను ఒక చిక్కు కలదు. అంటిమొని అను లోహముకూడ అట్టి పూతనే ఇచ్చును. ఆనాడు అంటిమొనిని వైద్యులు ఔషధములలో వాడుచుండిరి. కాబట్టి పూత కనబడినంతమాత్రమున విషప్రయోగము జరిగినదని చెప్పుటకు వీలులేదు. అప్పుడు శాస్త్రజ్ఞులు రెండవ పరీక్షను కూర్చిరి. సోడియం హైపోక్లోరైటు ద్రవమును పూతపై పోసినచో పాషాణపు పూత కరగిపోవును. అంటిమొని పూత కరగదు. మొదటి పరీక్ష సందేహమును పుట్టించును, రెండవ పరీక్ష ఆ సందేహమును తీర్చును. నేటికిని ఈ శాస్త్రమంతయు ఈ రెండు మెట్లపైననే నిలిచియున్నది.

మన దేశమున ఇట్టి పరీక్షలకై తొలి ప్రయోగశాల 1849లో మద్రాసున వెలసెను. దానికి కెమికల్ ఎగ్జామినర్ ప్రయోగశాల అని పేరు. కృష్ణా తీరప్రాంతము అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. బెజవాడవద్ద కృష్ణకు మొదటి ఆనకట్ట పూర్తియగుటకు పూర్వమే, విషపరీక్ష చేయు ప్రయోగశాల ఈ రాజధానిలో ఏర్పడియున్నదన్నమాట. నేడు హైదరాబాదులోని రామంతపురమున కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల కలదు. రాష్ట్ర ప్రభుత్వములకును సొంత ప్రయోగశాలలు కలవు.

మాదకద్రవ్యముల పరీక్షలోను మొదటి మెట్టు వర్ణపరీక్ష. పోలీసులు, కస్టమ్సు ఉద్యోగులు చిన్న పెట్టెలో కొన్ని రసాయనములను వెంట దీసికొనిపోవుదురు. అనుమానించిన పొడిని చిటికెడు తీసి, అందొక చుక్క వేసి, రంగు మారుటను చూతురు. 1896లో మార్క్విస్ అను రసాయనజ్ఞుడు కనిపెట్టిన ద్రవమునందు గంధకికామ్లము, ఫార్మాల్డిహైడు ఉండును. నల్లమందునుండి తీసిన మార్ఫిను, హెరాయినులు అందు ఊదారంగుకు మారును. కోబాల్టు థయోసయనేటు అను మరియొక ద్రవమునందు కొకైను నీలివర్ణము పొందును. ఈ పరీక్షకు కొన్ని నిమిషములు చాలును, ఖర్చు స్వల్పము, రహదారిమీదను, రైలుస్టేషనులోను, ఓడరేవులోను చేయవచ్చును. విజయవాడవంటి కూడలి నగరమున, నలుదిక్కులకు రైళ్లు, లారీలు సాగుచోట, ఇట్టి శీఘ్రపరీక్ష లేనిదే అధికారులకు పని జరుగదు.

అయితే రంగునకు కారణము పదార్థముయొక్క పేరు కాదు; దాని అణువులోని ఏదో ఒక భాగము. అట్టి భాగమే గల వేరొక పదార్థముకూడ అదే రంగునిచ్చును. దంతవైద్యులు నొప్పి తెలియకుండుటకై వాడు లిడోకెయిను అను మందుకూడ కోబాల్టు ద్రవమునందు నీలముగా మారును. గాఢ గంధకికామ్లము పడినచో వంటింటి పంచదారయు నల్లబడును. ఎండలోను, చీకటిలోను, పసుపుపచ్చని దీపము క్రిందను రంగులు వేరువేరుగా తోచును. ఊదా ఏది, గోధుమ ఏది అను నిర్ణయము చూచువాని కంటిపై ఆధారపడును.

ఈ సంగతిని ఇటీవల జరిగిన రెండు ఉదంతములు చక్కగా తెలుపగలవు.

మొదటిది 2021 సెప్టెంబరులో జరిగినది. గుజరాతులోని ముంద్రా రేవునకు ఇరానునుండి రెండు కంటెయినర్లు వచ్చెను. అందు ఆఫ్ఘనిస్థానపు టాల్కు రాళ్లు కలవని పత్రములలో వ్రాయబడియుండెను. సరకును తెప్పించిన సంస్థ విజయవాడ చిరునామాతో నమోదైనది. రెవిన్యూ ఇంటెలిజెన్సు అధికారులు తనిఖీ చేసి, పరీక్షలు జరిపించగా అది హెరాయిను అని తేలెను. దాని బరువు 2,988 కిలోలు. విజయవాడ పేరు ఒక్కదినమున దేశమంతట మారుమ్రోగెను. అయితే ఆ సంస్థకు నగరమునందు ఉన్నది చిరునామా మాత్రమేయనియు, ఆ సరకుతో నగరమునకు సంబంధము కనబడలేదనియు పోలీసులు ప్రకటించిరి. ఈ ఉదంతమున అనుమానము నిజమయ్యెను. ప్రయోగశాల దానిని ధ్రువపరచెను.

రెండవది 2024 మార్చిలో జరిగినది. బ్రెజిలు దేశపు శాంటోస్ రేవునుండి విశాఖపట్టణమునకు ఒక కంటెయినరు వచ్చెను. అందు రొయ్యల మేతలో కలుపు ఎండు ఈస్టు, ఒక్కొక్కటి 25 కిలోల చొప్పున 1,000 బస్తాలు ఉండెను. ఇంటర్‌పోల్ ద్వారా అందిన సమాచారముపై కేంద్ర దర్యాప్తు సంస్థవారు దానిని నిలిపి, అక్కడనే శీఘ్రపరీక్ష చేసిరి. మాదకద్రవ్యమున్నట్లు రంగులు తెలిపెను. ఇరువదియైదువేల కిలోల సరకునందు మాదకద్రవ్యము పట్టుబడినదను వార్త గాలివలె వ్యాపించెను. అది ఎన్నికల కాలమగుటచేత రాజకీయపక్షములు పరస్పరము నిందించుకొనెను. పిమ్మట నమూనాలు ప్రయోగశాలకు పోయెను. అచ్చటి పరీక్షలలో మాదకద్రవ్యమేదియు లేదని తేలినట్లు 2024 డిసెంబరులో వెల్లడియయ్యెను. మార్చిలో వార్త ఎందరికి చేరెనో, డిసెంబరులో సత్యము అందరికి చేరలేదు.

ఒకచోట పొడి రాతిపిండి యన్నారు, అది హెరాయినయ్యెను. మరియొకచోట పొడి మాదకద్రవ్యమన్నారు, అది ఈస్టేయయ్యెను. రెండుచోట్లను తుదిమాట చెప్పినది ప్రయోగశాలయే. దీనినిబట్టి శీఘ్రపరీక్ష పనికిరానిదని తలంపరాదు. అది జల్లెడవంటిది. జల్లెడ పిండినుండి ముతకను వేరుచేయును గాని, ఆ ముతక తవుడా, ఇసుకయా అని చెప్పజాలదు. జల్లెడను త్రాసుగా వాడుటయందే తప్పున్నది.

దీనిని ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఒక గిడ్డంగిలో 1,000 బస్తాలున్నవనియు, వానిలో 20 బస్తాలలో మాత్రమే మాదకద్రవ్యము కలదనియు అనుకొందము. వాడు పరీక్ష ఆ ఇరువదింటిని తప్పక పట్టును. కాని మంచి సరకుగల ప్రతి 100 బస్తాలలో 5 బస్తాలకు పొరపాటున రంగు చూపును. నూటికి ఐదే పొరపాట్లు గదా, ఇది మంచి పరీక్షయే అని తోచును. ఇప్పుడు లెక్కింపవలెను. దోషముగల 20 బస్తాలు రంగు చూపును. తక్కిన 980 బస్తాలలో 49 బస్తాలుకూడ రంగు చూపును. మొత్తము 69. వీనిలో 49 నిర్దోషములు. అనగా రంగు చూపిన ప్రతి పది బస్తాలలో ఏడు మంచివే! నేరము అరుదుగా నున్నచోట మంచి పరీక్షయు ఎక్కువగా మంచివారినే అనుమానించునన్నమాట.

ఆ 69 బస్తాలకు అదే పరీక్షను మరల చేసినచో ప్రయోజనమున్నదా? లేదు. మొదటిసారి నీలముగా మారిన లిడోకెయిను రెండవసారియు నీలముగానే మారును. ఒకే అబద్ధమును రెండుసార్లు విన్నంతమాత్రమున అది నిజము కాదు. రెండవ పరీక్ష వేరొక సూత్రముపై ఆధారపడినదై యుండవలెను. అట్టిదానికికూడ నూటికి ఐదే పొరపాట్లు అనుకొన్నను, నలుబదితొమ్మిదింటిలో రెండో మూడో మిగులును; తక్కినవన్నియు విడుదలయగును.

ప్రయోగశాలలో జరుగు పని ఇదియే. సిరా మరకపడిన అద్దుడు కాగితమును నీటిలో కొన తగులునట్లు నిలిపినచో, నీరు పైకి ప్రాకుచుండగా నల్లసిరా నీలము, ఎరుపు మున్నగు రంగులుగా విడిపోవుట బడిపిల్లలు చూచియుందురు. ఒక్కొక్క రంగు ఒక్కొక్క వేగముతో ప్రయాణము చేయుటయే దీనికి కారణము. ఈ సూత్రముపై రష్యా శాస్త్రజ్ఞుడు త్స్వెట్ ఇరువదవ శతాబ్ది తొలిసంవత్సరములలో ఆకులలోని వర్ణద్రవ్యములను వేరుపరచెను. అదియే క్రొమటోగ్రఫీ. నేడు అనుమానిత పదార్థమును ఆవిరిచేసి సన్నని పొడవైన గొట్టముగుండ పంపుదురు. మిశ్రమములోని పదార్థములు ఒకదాని వెనుక నొకటి విడివిడిగా బయటపడును. వెంటనే మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రము ఒక్కొక్క పదార్థపు అణువులను ముక్కలుచేసి ఆ ముక్కల బరువులను కొలుచును. హెరాయిను విరిగినట్లు లిడోకెయిను విరుగదు. ప్రయాణకాలమును, ముక్కల బరువులును రెండును శుద్ధమైన నమూనాతో సరిపోలిననే పరీక్షకుడు పేరు చెప్పును. దానితోపాటు ఏమియులేని ఖాళీ నమూనానుకూడ పరీక్షించి, యంత్రము శుభ్రముగా నున్నదని నిశ్చయించుకొనును.

ఇంత చేసినను తుదకు అర్థము చెప్పవలసినవాడు మనుష్యుడు. పరీక్ష సరియైనను, దాని అర్థము తప్పుకావచ్చును. మసాలాలలో వాడు గసగసాలు నల్లమందు మొక్క గింజలే. వానిపై అంటియున్న లేశమాత్రపు మార్ఫిను, తిన్నవాని మూత్రమునందు కనబడును. అమెరికాలో ఉద్యోగుల పరీక్షలందు ఇట్టి అమాయకులు చిక్కుకొనుచుండుటచేత, 1998లో మార్ఫిను హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాములనుండి 2,000 నానోగ్రాములకు పెంచిరి. యంత్రము నాడును నిజమే చెప్పెను. కాని ఆ నిజమునకు మత్తుమందు సేవించెనని అర్థము చెప్పుట పొరపాటయ్యెను.

కృష్ణా డెల్టా రొయ్యల చెరువులకును ఇట్టి అనుభవము కలదు. కైకలూరు, బంటుమిల్లి ప్రాంతముల చెరువులనుండి రొయ్యలు విదేశములకు పోవును. వానియందు నైట్రోఫ్యూరాన్ జాతి మందుల అవశేషములు ఉండరాదు. ఐరోపా సంఘము 2003లో, కిలోకు 1 మైక్రోగ్రామున్నను పసిగట్టగల పద్ధతితో పరీక్షింపవలెనని నిర్దేశించెను. అనగా వేయి టన్నుల రొయ్యలలో ఒక్క గ్రామన్నమాట! అట్టి మందులలో ఒకటి ప్రాణి శరీరమున సెమీకార్బజైడుగా మారును. పరీక్షలో దానినే వెదకుదురు. కాని నీలకంఠ రొయ్య పెంకునందు, మందు వాడకున్నను, ఈ పదార్థము సహజముగానే ఉండునని పరిశోధకులు కనుగొనిరి. పెంకుతో సహా నూరి పరీక్షించినచో, ఏ తప్పు చేయని రైతు సరకును దోషిగా తేలవచ్చును. పెంకు తీసి మాంసమును మాత్రమే పరీక్షించుట న్యాయము. ఏది పరీక్షింపవలెనో తెలియనిచో ఎంత సూక్ష్మమైన యంత్రమును న్యాయము చేయజాలదు.

మనుష్యుని ప్రవర్తనముకూడ ముఖ్యమైనది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఒక ప్రభుత్వ ప్రయోగశాలలోని పరీక్షకురాలు, పొడులను పరీక్షింపకయే పరీక్షించినట్లు వ్రాసినదని 2012లో బయటపడెను. ఆమె నేరము నొప్పుకొని శిక్ష పొందెను. 2017లో అచ్చటి న్యాయస్థానము 21,000కు పైగా కేసులను కొట్టివేసెను. వానిలో నిజమైన దోషులును ఉండియుందురు, నిర్దోషులును ఉండియుందురు. ఎవరెవరో తేల్చుట ఇక అసాధ్యమయ్యెను. హ్యూస్టన్ నగరమున మరియొక విధమైన కీడు జరిగెను. అచ్చట 2004 మొదలు 2015 వరకు 200 మందికి పైగా, శీఘ్రపరీక్ష ఫలితమును చూపగానే భయపడి నేరము నొప్పుకొనిరి. అటుతరువాత ప్రయోగశాల పరీక్షలో వారివద్ద దొరికినది నిషిద్ధద్రవ్యము కాదని తేలెను.

ఇట్టి ప్రమాదములను నివారించుటకే మన చట్టమున కట్టుబాట్లు ఏర్పడినవి. పట్టుబడిన సరకునుండి నమూనాలను మేజిస్ట్రేటు సమక్షమున తీయవలెనని చట్టము విధించుచున్నది. ఈ నియమమును పాటింపవలసినదే అని 2016లో సుప్రీంకోర్టు గట్టిగా నొక్కిచెప్పెను. 2022 నాటి నిబంధనల ప్రకారము ప్రతి నమూనాను రెండేసి భాగములుగా తీయవలెను. గంజాయి, నల్లమందు, చరస్ అయినచో 24 గ్రాములు, తక్కినవి 5 గ్రాములు ఉండవలెను. ముద్రలు వేసి, చేతులు మారిన ప్రతిసారియు వ్రాసియుంచవలెను. ఈ గొలుసులో ఒక్క కడియము తెగినను, ప్రయోగశాలకు చేరినది ముద్దాయివద్ద దొరికినదేయని ఎవరును నిశ్చయముగా చెప్పలేరు. ముద్రయు, సంతకమును నిరర్థకములైన తంతులని కొందరు విసుగుకొందురు. నిజమునకు అవి నిరపరాధికి కవచము. దోషికి తప్పించుకొను సందు లేకుండ చేయు తలుపుగడియలు.

"నిప్పు లేనిదే పొగ రాదు" అని లోకులందురు. పుష్యమాసమున తెల్లవారుజామున కృష్ణమీద తెల్లగా క్రమ్ముకొనునది దూరమునకు పొగవలెనే కనబడును. సూర్యుడు రెండు బారలు పైకి వచ్చిన పిమ్మట అది మంచు అని తేటతెల్లమగును. అంతవరకు ఓపికతో నిలిచి చూచుట శాస్త్రజ్ఞునకు ధర్మము, న్యాయాధిపతికి ధర్మము, వార్త విన్న ప్రతి పౌరునకును ధర్మము.

ప్రశ్నలు

1. గోగు ఆకునకు, గంజాయి ఆకునకు గల భేదములను తెలుపుము.
2. మార్ష్ పరీక్షయందలి చిక్కు ఏది? దానిని శాస్త్రజ్ఞులు ఎట్లు తొలగించిరి?
3. ముంద్రా, విశాఖపట్టణము ఉదంతములను పోల్చి వ్రాయుము.
4. ఒకే పరీక్షను రెండుసార్లు చేయుట ఏల చాలదు?
5. ఒక గిడ్డంగిలోని 500 బస్తాలలో 10 బస్తాలు దోషముగలవి. పరీక్ష వానినన్నింటిని పట్టును గాని, మంచివానిలో నూటికి పదింటికి పొరపాటున రంగు చూపును. రంగు చూపిన మొత్తము బస్తాలెన్ని? వానిలో నిర్దోషమైనవెన్ని?